మా పాత బంగళా అమ్మిన కథ

(ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో మన బ్యాంకు విశ్రాంత సీనియర్ మేనేజరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, ‘రిటైరయ్యాక ఆర్థిక ప్రణాళిక’ మీద మాట్లాడమన్నారు. ఆ విషయం మీద నాకన్నా బాగా మాట్లాడేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. “దానికి బదులు మా ఇల్లు అమ్మిన కథ చెబుతాను, అందులోంచి ఎవరికి కావలసిన ప్రణాళిక వాళ్లు తీసుకుంటారు” అన్నాను. వారు ఒప్పుకున్నారు.

నా సర్వీసులో సగం అప్పుల విభాగంలోనే గడిచింది. వేరేవాళ్ల ఇళ్ల దస్తావేజులు కొన్ని వేలు చూసి ఉంటాను. ఈసీ ఏది, లింకు డాక్యుమెంట్లు ఏవి, చెల్లెలి సంతకం ఎక్కడ అని ఎదుటివాళ్లను నిలబెట్టి అడిగినవాణ్ని. అలాంటివాణ్ని సొంత ఇంటి విషయానికి వచ్చేసరికి ఎన్ని తప్పులు చేశానో ఈరోజు దాచకుండా చెబుతాను.

ముందు ఆ ఇల్లు ఎలా ఉండేదో చెప్పాలి. అది బెంగళూరులో, రిచ్‌మండ్ టౌన్‌లో ఉండేది. 1890ల నాటి కట్టడం. విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా ఏలింది కదా, ఆ కాలపు ఇళ్లను విక్టోరియన్ ఇళ్లు అంటారు. ఇంగ్లండులో అయితే అవి ఒకదానికొకటి అంటుకుని ఉండే ఇటుక ఇళ్లు. మన దేశానికి వచ్చేసరికి ఎండకు, వానకు తగినట్టు మారి బంగళాలయ్యాయి. చుట్టూ తోట, ముందు పోర్టికో, దానికి చెక్క జాలీ, సున్నపు గచ్చుతో కట్టిన మందపాటి గోడలు, పైన మంగుళూరు పెంకు. ఆ పెంకు కథ కూడా అప్పటిదే. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. అక్కణ్నుంచి ఆ పెంకులు దక్షిణాదంతా పాకిపోయాయి. మా ఇంటి పెంకు తిప్పి చూస్తే అడుగున ఆ ముద్ర ఉండేది.

కిటికీల మీద మాత్రం బెంగళూరుకే ప్రత్యేకమైన పని ఒకటి ఉండేది. ప్రతి కిటికీకీ ముందుకు పొడుచుకొచ్చిన కోసు చూరు, దానికి వరసగా నిలువు చెక్క పట్టీలు. అక్కడివాళ్లు దాన్ని ‘మంకీ టాప్’ అంటారు. ఆ పేరెందుకు వచ్చిందోగానీ, మా ఇంటి వాటి మీద మాత్రం నిజంగానే కోతులు కూర్చునేవి. 1977లో జానెట్ పాట్ అనే ఆవిడ బెంగళూరు పాత బంగళాల మీద ఒక పుస్తకమే వేసింది. అందులో ఉన్నలాంటి ఇళ్లు ఇప్పుడు వెతుక్కోవాలి.

పిల్లలున్నారు కాబట్టి ఆ పేట చరిత్ర కూడా కొంచెం చెబుతాను. టిప్పు సుల్తాను పోయిన పదేళ్లకు, 1809లో, ఇంగ్లీషువాళ్లు శ్రీరంగపట్నం నుంచి తమ సైన్యాన్ని బెంగళూరుకు మార్చి కంటోన్మెంటు పెట్టారు. పాత ఊరు ఒక పక్క, కంటోన్మెంటు ఒక పక్క. రెండింటికీ మునిసిపాలిటీలు వేరు. స్వతంత్రం వచ్చాక 1949లో గానీ రెండూ ఒక కార్పొరేషన్ కాలేదు. సైన్యంతోపాటు కాంట్రాక్టర్లు, గుమాస్తాలు, వంటవాళ్లు, వ్యాపారులు మద్రాసు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. అందుకే ఆ వీధుల్లో ఇవాళ్టికీ తెలుగు, తమిళం వినపడతాయి.

బ్యాంకువాళ్లం కాబట్టి మనకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. విన్‌స్టన్ చర్చిల్ కుర్రవాడిగా సైన్యంలో ఉన్నప్పుడు, 1896లో బెంగళూరు కంటోన్మెంటుకు వచ్చి ఒక బంగళాలో కాపురమున్నాడు. వెళ్లిపోయేటప్పుడు క్లబ్బు బాకీ తీర్చలేదు. బెంగళూరు క్లబ్బు లెడ్జరులో 1899 నాటి పేజీలో, రానిబాకీల కింద, ఆయన పేరున 13 రూపాయలు ఇప్పటికీ ఉన్నాయి. పోయినవాళ్లు పోతారు, లెడ్జరు మిగులుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మా ఇంటి కథలో మళ్లీ పనికొస్తుంది.

మాది మదనపల్లె. మా నాయన కుర్రతనంలో బెంగళూరు వచ్చి కంటోన్మెంటులో మందుల షాపు పెట్టారు. 1952లో ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబం దగ్గర ఆ ఇల్లు కొన్నారు. మేం నలుగురం ఆ ఇంట్లోనే పుట్టాం. పెద్దక్క, అన్న, నేను, చెల్లెలు. అక్క పెళ్లైన ఆరేళ్లకే బావగారు పోయారు. పిల్లల్లేరు. నాయన వెళ్లి అక్కను ఇంటికి తీసుకొచ్చారు. దగ్గర్లోని బడిలో టీచరుగా చేరింది. అన్న అమెరికా వెళ్లాడు. నేను మన బ్యాంకులో చేరి ఊళ్లు తిరిగాను. చెల్లెలు అనంతపురంలో కాపురం. ఆ ఇంట్లో మిగిలింది అమ్మానాయన, అక్క.

నాయన 1998లో పోయారు. వీలునామా రాయలేదు. అమ్మ 2016లో పోయింది. చివరి నాలుగేళ్లు మంచంలోనే ఉంది. ఆ నాలుగేళ్లూ ఎవరు చూశారో నేను చెప్పక్కర్లేదు.

అమ్మ సంవత్సరీకాలకు అందరం కలిశాం. మూడోనాడు రాత్రి భోజనాలయ్యాక అన్న మాట ఎత్తాడు. “ఇంక ఈ ఇంటిని ఏం చేద్దాం?” అన్నాడు. పైకప్పు ఒకవైపు కుంగింది. దూలానికి చెదలు పట్టింది. ఒక్క మనిషికి పది గదులు. అమ్మేయడమే మంచిదని నలుగురమూ ఒప్పుకున్నాం. అక్క కూడా “సరే” అంది. ఎందుకు సరే అందో మేమెవరం అడగలేదు.

నాకు అప్పగించిన పని కాగితాలు, ధర. బ్యాంకువాణ్ని కదా. పరిచయమున్న ఒక వాల్యుయరును పిలిచాను. ఆయన రెండు గంటలు కొలిచి, వారానికి రిపోర్టు ఇచ్చాడు. అలాంటి రిపోర్టులు నేను ఎన్నో చదివాను, కానీ అది చదివినప్పుడు మాత్రం మనసుకు ఎలాగో అనిపించింది. మొత్తం విలువలో నూటికి తొంభై ఎనిమిది పాళ్లు స్థలానిది. కట్టడం గడిలో ‘ఆయుష్షు తీరింది, సాల్వేజ్ విలువ మాత్రమే’ అని ఉంది. అంటే తలుపులు, దూలాలు, పెంకులు విడదీసి అమ్మితే వచ్చేది.

లెక్క తప్పేమీ కాదు. కట్టడానికి ఇంత ఆయుష్షు అనుకుంటాం, ఏటా ఇంత తరుగు తీసేస్తాం, నూరేళ్లు దాటితే మిగిలేది నామమాత్రమే. ఆ పద్ధతిలో నేను వందల ఫైళ్ల మీద సంతకాలు పెట్టాను. ఎవరి అమ్మమ్మ ఇళ్లో అవన్నీ. ఒక్కసారి కూడా నాకు ఏమీ అనిపించలేదు.

తర్వాత హక్కుల సంగతి. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఇది ప్రతి ఇంటికీ పనికొచ్చేది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. నాయన పోయినప్పుడు అమ్మకు, మా నలుగురికి తలా ఐదో వంతు వచ్చింది. అమ్మ పోయాక ఆమె వాటా కూడా మా నలుగురికీ సమానంగా వచ్చింది. అంటే తలా పావు వంతు. ఇందులో గొప్ప న్యాయశాస్త్రమేమీ లేదు. పిత్రార్జితంలో కూతుళ్ల వాటా సంగతి మాత్రం కొంత ఆలస్యంగా వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, దేశమంతటికీ 2005 సవరణతో వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మాది స్వార్జితం కాబట్టి ఆ తకరారు కూడా లేదు.

ఇన్ని తెలిసినవాణ్ని నేను ఏం చేశానో వినండి. అన్న అమెరికా నుంచి ఫోన్ చేసి, “నలుగురి సంతకాలంటే ఆలస్యం. అక్క, చెల్లెలు మనిద్దరి పేరున హక్కు విడుదల పత్రం రాసిస్తే పని తేలికవుతుంది. డబ్బు వచ్చాక వాళ్లకు ఇవ్వాల్సింది మనం ఇద్దాం, అక్కను మనం చూసుకోమా?” అన్నాడు. అన్న చెడ్డవాడు కాదు. నిజంగానే ఇద్దామనే అన్నాడు. మా వైపు పెళ్లైన ఆడపిల్లలు అలా రాసివ్వడం అలవాటు కూడా. నేను సరే అని, ఆ పత్రం ముసాయిదా నా చేత్తో నేనే తయారు చేశాను.

ఒక ఆదివారం అది తీసుకుని బెంగళూరు వెళ్లాను. అక్క వంటింట్లో చింతపండు ఈనెలు తీస్తోంది. కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. టీచరు కదా, అక్షరం వదలదు. చదివి, కాగితం మడిచి, నన్ను అడిగింది:

“ఏరా, మీ బ్యాంకుకు ఎవరైనా ఇలాంటి కాగితం తెస్తే నువ్వేం అడుగుతావు?”

నేను మాట్లాడలేదు.

“చెప్పరా. ముప్పై ఏళ్లుగా అడుగుతున్నావు కదా.”

“ఆ ఆడకూతురికి బదులుగా ఏం ముట్టిందని అడుగుతాను” అన్నాను.

“మరి నాకేం ముట్టిందని రాశావు?”

ఆ పత్రంలో నేను ‘ప్రేమాభిమానాలతో’ అని రాశాను. అందరూ రాసే మాటే. ఆ మాట నా నోటితో పైకి చెప్పలేకపోయాను. అక్క కోప్పడలేదు. లేచి చేతులు కడుక్కుని, “అన్నం తిందువుగానీ రా” అంది. నేను ఆ కాగితం అక్కడే చింపేశాను. సాయంత్రం అన్నకు ఫోన్ చేసి, నలుగురి పేర్లతోనే అమ్ముదామని చెప్పాను. అన్న కాసేపు ఆగి, “నువ్వు చెప్పిందే కరెక్టు” అన్నాడు. అంత తేలిగ్గా తెగిపోయే విషయాన్ని అక్క అడిగేదాకా మా ఇద్దరిలో ఎవరం ఎత్తలేదు.

ఇక కొనేవాళ్ల సంగతి. ఇద్దరు వచ్చారు. ఒకరు బిల్డరు. ఇల్లు లోపలికి రాలేదు. గేటు దగ్గరే నిలబడి రోడ్డు వెడల్పు, స్థలం ముఖం కొలుచుకుని ధర చెప్పాడు. రెండోవాళ్లు ఒక యువ దంపతులు, ఇద్దరూ కాలేజీ అధ్యాపకులు. వాళ్లు ఇంట్లో మూడు గంటలున్నారు. ఎర్ర గచ్చు మీద చెప్పులు విడిచి నడిచారు. మంకీ టాప్ కింద నిలబడి ఫొటోలు తీసుకున్నారు. “ఇల్లు పడగొట్టం, బాగు చేయించుకుని ఉంటాం” అన్నారు. వాళ్లు చెప్పిన ధర బిల్డరు ధరకన్నా ఐదో వంతు తక్కువ.

నాకు ఆ దంపతులకే ఇవ్వాలనిపించింది. చెల్లెలు కూడా అదే అంది. అన్న, “మీకు తోచినట్టు చేయండి, నాకు పెద్ద తేడా లేదు” అన్నాడు. అక్క మాత్రం ఏమీ అనలేదు. సరే, ఆ దంపతులను హోమ్ లోనుకు దరఖాస్తు చేయమన్నాం.

అక్కడ వచ్చింది చిక్కు. వాళ్లు వెళ్లిన బ్యాంకు లోను ఇవ్వలేదు. మన బ్యాంకు కాదులెండి, అయినా మనమైనా ఇచ్చేవాళ్లం కాదు. కారణాలు రెండు. మొదటిది, అప్పు తీరేదాకా కట్టడం నిలబడుతుందన్న సర్టిఫికెట్టు కావాలి. ఇరవై ఏళ్ల అప్పుకు ఆయుష్షు తీరిందని రాసిన ఇంటిని తాకట్టు పెట్టుకోరు. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూసి, “గోడలకు ఢోకా లేదు, సున్నపు గోడలు ఇంకో యాభై ఏళ్లుంటాయి. పైకప్పు చెక్క మార్చి, మరమ్మతు చేశాక సర్టిఫికెట్టు ఇస్తాను” అన్నాడు. ఆ మరమ్మతు పదేళ్ల కిందట అయితే కొద్ది ఖర్చుతో పోయేది. మేం ఎవరం పట్టించుకోలేదు. అక్క తన జీతంలో ఏటా వానలకు ముందు పగిలిన పెంకులు మార్పిస్తూ వచ్చింది, అంతే.

రెండో కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంటి ఖాతా ఇంకా నాయన పేరునే ఉంది. నాయన పోయి ఇరవై ఏళ్లవుతున్నా మార్పించలేదు. పన్ను కడుతున్నాం కదా అనుకున్నాం. చర్చిల్ గారి పేరు లెడ్జరులో ఉన్నట్టే మా నాయన పేరు కార్పొరేషన్ రికార్డులో ఉండిపోయింది. వంశవృక్షం, మరణ ధ్రువపత్రాలు, అన్న అమెరికాలో ఉన్నాడు కాబట్టి అక్కడి కాన్సులేటులో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ, ఇవన్నీ పోగుచేసి ఖాతా మార్పించేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ దంపతులు ఐదు నెలలు ఆగారు. తర్వాత ఒకరోజు వచ్చి, “సార్, పిల్లకు స్కూలు అడ్మిషన్ ఉంది, ఇక ఆగలేం” అని చెప్పి, వేరేచోట ఫ్లాటు కొనుక్కున్నారు. వాళ్ల తప్పేమీ లేదు.

బిల్డరుకు ఈ బాధలేవీ లేవు. అతనికి ఇంటి ఆయుష్షుతో పని లేదు, ఎందుకంటే ఇల్లే అక్కర్లేదు. మన నగరాల్లో పాత ఇళ్లన్నీ ఎందుకు బిల్డర్లకే పోతున్నాయని అడుగుతుంటారు. అత్యాశ ఒక కారణం కావచ్చు. ఇంకో కారణం ఇది. ఉండటానికి కొనే మనిషికి అప్పు కావాలి, అప్పుకు కాగితం కావాలి, ఆ కాగితం సిద్ధంగా ఉండదు. పడగొట్టడానికి కొనేవాడు సొంత డబ్బుతో వస్తాడు.

ఆ రాత్రి నేను చాలా బాధపడ్డాను. “నూట పాతికేళ్ల ఇల్లు అక్కా, మన చేతుల మీదుగా పోతోంది” అన్నాను. అప్పుడు అక్క చెప్పిన మాటలు మీకు చెప్పాలనే ఈ కథ ఎత్తుకున్నాను.

“నువ్వు సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులుండి వెళ్తావు. నీకు ఈ ఇల్లు అందంగా ఉంటుంది. నేను నలభై ఏళ్లుగా ఈ పది గదులూ ఊడుస్తున్నాను. వాన పడితే ఏ గదిలో ఎక్కడ గిన్నె పెట్టాలో చీకట్లో కూడా చెప్పగలను. స్నానాల గదికి పెరడు దాటి వెళ్లాలి. అమ్మను రాత్రుళ్లు అలాగే నడిపించాను. మోకాళ్లు నావి కూడా పోయాయి. నాకు లిఫ్టున్న ఇల్లు కావాలి, పడగ్గది పక్కనే స్నానాల గది కావాలి, కింద కూరగాయల అంగడి ఉండాలి. కాగితం మీద నా పేరుండాలి. బిల్డరుకిచ్చేయండి. మొదటి రోజే సరే అన్నాను కదా, ఎందుకన్నానో ఒక్కరైనా అడిగారా?”

నేను ఏం జవాబు చెప్పగలను? ఆ రిపోర్టులో స్థలానికి గడి ఉంది, కట్టడానికి గడి ఉంది, తరుగుకు గడి ఉంది. నలభై ఏళ్లు ఆ ఇంటిని నిలబెట్టిన మనిషికి మాత్రం గడి లేదు. ఇంటి మీద మమకారమంతా దూరంగా ఉన్న మాకు. చాకిరీ అంతా అక్కకు. ఆ తేడా నాకు ఆ రాత్రే తెలిసింది.

బిల్డరుకే అమ్మాం. 2018లో రిజిస్ట్రేషన్ అయింది. ముందు అక్క ఫ్లాటు కొన్నాక, ఆమె సామాను అక్కడికి చేరాకే ఇల్లు అప్పగిస్తామని ఒప్పందంలో రాయించాం. అన్న తన వాటాలో కొంత అక్కకు ఇస్తానన్నాడు, ఆమె తీసుకోలేదు. “నా పావు నాకు చాలు” అంది. ఫ్లాటు పూర్తిగా ఆమె పేరున కొన్నది. రెండో అంతస్తు, లిఫ్టు ఉంది. కింద అంగడి ఉంది.

ఇల్లు అప్పగించే ముందు ఒక పని చేశాం. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు నలుగురు వచ్చి వారం రోజులు ఇల్లంతా కొలిచి బొమ్మలు గీసుకున్నారు. ప్రతి గది ఫొటో తీశారు. టేకు తలుపులు, మంకీ టాపుల చెక్కపని జాగ్రత్తగా విప్పి, పాత ఇళ్లు బాగుచేసేవాళ్లకు ఇచ్చాం. ఒక పెంకు నా దగ్గర ఉంది. బాసెల్ మిషన్ ముద్ర ఉన్నది. కాగితాల మీద బరువుకు పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు ఆ స్థలంలో అపార్టుమెంటుంది. అటువైపు వెళ్లినప్పుడు నాకు బాధగానే ఉంటుంది, లేదని చెప్పను. కబ్బన్ పార్కు చివర విక్టోరియా రాణి విగ్రహం మాత్రం 1906 నుంచి అక్కడే ఉంది. ఆమె కాలపు ఇళ్లు ఒక్కొక్కటే పోతున్నాయి.

ఇక మీకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. మీకు విజయవాడలోనో, రాజమండ్రిలోనో, వరంగల్లులోనో, సికింద్రాబాదులోనో పాత మేడో మండువా ఇల్లో ఉండే ఉంటుంది. దానికీ ఇవే వర్తిస్తాయి.

మొదటిది కాగితాలు. ఇంటి పెద్ద పోయిన ఏడాదిలోగా రికార్డులో పేరు మార్పించండి. పన్ను రసీదు మీద ఎవరి పేరుందో ఈ రాత్రే ఇంటికెళ్లి చూడండి. లింకు డాక్యుమెంట్లు, ఈసీ ఒకచోట పెట్టుకోండి. అన్నిటికన్నా ముందు, బతికుండగానే వీలునామా రాయండి. రాయడం అపశకునం కాదు.

రెండోది మరమ్మతు. పాత ఇంటికి శత్రువు వయసు కాదు, నీళ్లు. పైకప్పు కారకుండా చూసుకుంటే సున్నపు గోడ తరాల పాటు ఉంటుంది. ఉంచుకోవాలన్నా, ఉండేవాళ్లకు అమ్మాలన్నా, ఇంజనీరు సర్టిఫికెట్టు ముందే సిద్ధం చేసుకోండి. అలాగే ఆ ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉందేమో కనుక్కోండి. బొంబాయిలో 1995 నుంచి ఇలాంటి నిబంధనలున్నాయి, గ్రేడులున్నాయి. హైదరాబాదులోనూ అప్పట్నుంచే ఒక నిబంధన ఉండేది, 2015లో అది రద్దయింది. 2017లో తెలంగాణ కొత్త వారసత్వ చట్టం చేసింది. మా ఇల్లు ఏ జాబితాలోనూ లేదు. మీదేదైనా ఉంటే పడగొట్టడం అంత తేలిక కాదు, కొనేవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పాలి.

మూడోది పన్ను. వారసత్వంగా వచ్చిన పాత ఇల్లు అమ్మితే, 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. అయితే ఆ తేదీ నాటి రిజిస్ట్రేషన్ విలువ దొరికితే దాన్ని మించకూడదు. 2024 జూలై 23 నుంచి లాభం మీద పన్ను 12.5 శాతం, ద్రవ్యోల్బణం సర్దుబాటు లేకుండా. ఆ తేదీకి ముందు వచ్చిన ఇల్లయితే, ఇక్కడ నివసించేవాళ్లు పాత పద్ధతిలో సర్దుబాటు చేసుకుని 20 శాతం లెక్కతో పోల్చి, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. అమ్మడానికి ఏడాది ముందుగానీ, అమ్మిన రెండేళ్లలోగానీ ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా మినహాయింపు ఉంది. మా అక్కకు పన్ను పడకపోవడానికి అదే కారణం. వెంటనే ఇల్లు కుదరకపోతే, రిటర్ను గడువులోగా ఆ డబ్బును క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మన బ్యాంకుల్లోనే ఆ ఖాతా తెరుస్తారు, మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచేసి మినహాయింపు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. విదేశాల్లో ఉన్న తోబుట్టువు వాటాకు పన్ను కోత వేరుగా, ఎక్కువగా ఉంటుంది. ఆ డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే వెళ్లాలి. దానికి ఆడిటరును ముందే కలవండి.

నాలుగోది ఏ ఆడిటరూ చెప్పడు. ఇల్లు అమ్ముదామని కూర్చున్నప్పుడు, ధర మాట ఎత్తకముందే, ఆ ఇంట్లో ఉంటున్న మనిషిని అడగండి. ‘నీకేం కావాలి?’ అని. ఆ మనిషి సాధారణంగా ఆడమనిషే అయి ఉంటుంది. ఆమె ‘సరే’ అంటే ఎందుకు సరే అంటోందో కూడా అడగండి. మేం ఆ మాట మొదటి రోజే అడిగి ఉంటే, ఆ కాగితం నేను రాసేవాణ్ని కాదు. ఇల్లు కొంచెం ముందుగా బాగుచేయించి ఉంటే ఆ దంపతులే అందులో ఉండేవాళ్లేమో, అక్క తన ఫ్లాటులో ఇంకా ముందే ఉండేదేమో. రెండూ జరిగి ఉండేవి.

పోయిన నెల అక్క దగ్గరికి వెళ్లాను. బాల్కనీలో కుర్చీ వేసుకుని పత్రిక చదువుతోంది. బయట పెద్ద వాన. “ఇల్లు గుర్తొస్తుందా అక్కా?” అని అడిగాను. పత్రిక దించకుండానే, “వాన పడుతుంటే గుర్తొస్తుంది. లేచి గిన్నె పెట్టక్కర్లేదని మళ్లీ కూర్చుంటాను” అంది.

 ఇంటికెళ్లగానే పన్ను రసీదు చూడటం మరిచిపోకండి. సెలవు.